లావు అంటే టార్కా, హార్స్ పవరా? (సుమతీ పద్యంలో ఒక పాదం అనుమానం)

బ్రాడీపేట నాలుగో లైను:
మొన్న మా మేనల్లుడి బండి క్లచ్ జారుతోందంటే ఇద్దరం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. మావాడిది డ్యూక్ 200. పక్కన ఒక క్లాసిక్ 350 విప్పి ఉంది. వాడు ఊరుకోక "ఇంత ఇనుము మోసుకుని అది ఇచ్చేది 20 గుర్రాలే, నాది 25" అన్నాడు. పెద్ద మేస్త్రి చేతులు తుడుచుకుంటూ పద్యం అందుకున్నాడు. "లావుగలవానికం..." దగ్గర కంప్రెసర్ మోత మొదలైంది. మళ్లీ వినపడింది "మావటివాడెక్కినట్లు మహిలో సుమతీ" మాత్రమే. "లావు ఇంజనుది బాబూ, నీతి గేరుది" అని పనిలో పడిపోయాడు.

గుంటూరు చేరేదాకా ఆ పద్యమే బుర్రలో తిరుగుతోంది. లావున్నవాడికంటే నీతిపరుడే బలవంతుడు, కొండంత ఏనుగునైనా మావటి ఎక్కి నడిపినట్టు అని దాని భావం. మొదటి పాదం చివర "కంటెను"నా, "కన్నను"నా? చిన్నప్పుడు "కన్నను" అనే చదివినట్టు గుర్తు. ఇంకోటి, ఇక్కడ లావు అంటే ఉత్త బలమేనా?

పటమట పంతులు:
కంటెను. సందేహం లేదు.

ఖమ్మం ఆడపడుచు:
"కన్నను" పెట్టినా కందం చెడదు కదండీ. మూడో గణం అప్పుడూ భగణమే.

పటమట పంతులు:
చెడదమ్మా. చెడకపోవడం వేరు, కవి అనడం వేరు. గణాలు లెక్కేసి పాఠం తేల్చేస్తే ఇంటికో బద్దెన. అసలు చూడాల్సింది ప్రాస. లావు, భావిం, గ్రావం, మావ. నాలుగు చోట్లా రెండో అక్షరం వకారం, దాని ముందు గురువు. "బలము" అక్కడ పట్టనే పట్టదు. కొండ అనకుండా "గ్రావంబంత గజంబు" అన్నదీ అందుకే. కాబట్టి లావు అనే మాట మీద మీ మేస్త్రి మోపినంత బరువు మోపకండి.

మాజీ సైన్సు మాస్టారు:
తెలుగు మీడియంలో ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ణి, ఒక మాట. బలం ఒకటి, శక్తి ఒకటి, సామర్థ్యం ఒకటి. గుర్రాలతో కొలిచేది సామర్థ్యాన్ని, అంటే పని ఎంత త్వరగా జరుగుతోందన్నదాన్ని. పత్రికలు "అశ్వశక్తి" అని రాసీ రాసీ నా పిల్లల మార్కులు తీశాయి. అశ్వసామర్థ్యం అనాలి. 746 వాట్లు. మెట్రిక్ గుర్రం ఇంకాస్త బక్కది, 735.5. అదే ఇంజన్‌కి ఒక బ్రోషర్లో అంకె కొంచెం పెద్దగా కనబడితే ఏ గుర్రమో చూసుకోండి. ఇక టార్క్ అంటే బలభ్రామకం, బలానికి ఉండే తిప్పే ప్రభావం.

ఆటోనగర్ అబ్బాయి:
భ్రామకం అంటే మా షాపులో ఎవరూ తలెత్తి చూడరు సార్. మేం లాగుడు అంటాం. టార్క్ ఉంటే బండి లాగుద్ది, హెచ్‌పీ ఉంటే పరిగెత్తుద్ది. అంతే.

మాజీ సైన్సు మాస్టారు:
అంతే కాదు బాబూ, అక్కడే అందరూ పడతారు. తుప్పుపట్టిన నట్టుకి స్పానర్ వేసి వేలాడావనుకో. టార్క్ బోలెడు. నట్టు కదల్లేదు, సామర్థ్యం సున్నా. టార్క్‌ని తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదే సామర్థ్యం. విడివిడిగా కట్టడానికి అవి రెండు ఎద్దులు కావు.

క్లాసిక్ 350 సంగతే చూడు. 4,000 ఆర్‌పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్లు, అదే దాని శిఖరం. గుణిస్తే అక్కడున్నవి 15 గుర్రాలే. 20 కావాలంటే 6,100కి పోవాలి. అక్కడ టార్క్ 23 చిల్లరకి పడిపోయి ఉంటుంది. టార్క్ తగ్గుతుంటే గుర్రాలు పెరుగుతున్నాయి చూశావా! డ్యూక్ 25 గుర్రాలు 10,000 దగ్గర. అప్పుడు దాని టార్క్ 17, 18 మధ్య. ఇప్పుడు గేరు వేసి ఆ 10,000ని 5,000 చెయ్యి, రాపిడికి పోయేది పక్కనపెడితే టార్క్ 35 అవుతుంది. చక్రం దగ్గర ఎవరు ఎక్కువ లాగారు మరి?

బ్రాడీపేట నాలుగో లైను:
అయితే మావాడే గెలిచాడా?

ఆటోనగర్ అబ్బాయి:
కాగితం మీద గెలిచాడు. బెంజి సర్కిల్లో సాయంత్రం ఆరింటికి 10,000 తిప్పమనండి సార్. వెనక మనిషి, మధ్యలో బియ్యం సంచి. క్లాసిక్ మూడో గేర్లో గుర్‌మంటూ పోద్ది. డ్యూక్‌కి గేర్లు దించుకుంటూనే ఉండాలి.

మాజీ సైన్సు మాస్టారు:
అది ఒప్పుకుంటా. 4,000 దగ్గర డ్యూక్ తన శిఖరం టార్క్ 19 చిల్లర మొత్తం ఇచ్చిందనుకున్నా (ఇవ్వదు, ఆ శిఖరం 8,000 దగ్గర), 11 గుర్రాలు కూడా రావు. క్లాసిక్‌కి అక్కడే 15. నువ్వు లాగుడు అంటున్నది తక్కువ తిరుగుడులోనే చేతికందే సామర్థ్యాన్ని. క్లచ్ వదిలినప్పుడు ఆగిపోకుండా దబ్బున కదలడంలో బరువైన ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం) వాటా కూడా ఉంది. అది ముందే దాచుకున్నది, అప్పటికప్పుడు పుట్టింది కాదు.

ఆటోనగర్ అబ్బాయి:
పొడుగు స్ట్రోక్ (పిస్టన్ నడిచే దూరం) వల్ల కాదా? క్రాంక్ చెయ్యి పొడుగైతే లాగుడు ఎక్కువ.

మాజీ సైన్సు మాస్టారు:
సీసీ అదే ఉంచి స్ట్రోక్ పొడిగిస్తే బోరు (సిలిండర్ వెడల్పు) చిన్నదవుతుంది. పిస్టన్ నెత్తి చిన్నదైతే దాని మీద నెట్టే బలమూ తగ్గుతుంది. ఇటు వచ్చింది అటు పోతుంది. టార్క్ స్ప్లెండర్ 97 సీసీకి 8, క్లాసిక్ 349కి 27. నూరు సీసీకి ఎంతో భాగించి చూడు, దగ్గరదగ్గర ఒకటే.

అరసున్న అభిమాని:
ఏనుగు వచ్చింది, ఇంకా పోతన రాలేదే అని చూస్తున్నా. "లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె". లావు, ఠావు, నీవే, రావే. పంతులుగారూ, ఇక్కడా వకార ప్రాసే! ఇద్దరు కవులూ లావుని ప్రాసస్థానంలోనే వాడారు.

పైగా పోతనలో లావు అంటే మాస్టారి బలం కాదు. వెయ్యేళ్లు పోరాడాక అయిపోయింది కాబట్టి అది శక్తి. బలం అయిపోదు, శక్తి అయిపోతుంది.

పటమట పంతులు:
ఆయన భక్తితో ఏడుస్తుంటే మీరు పెట్రోలు ట్యాంకులోకి తొంగిచూస్తున్నారు. బ్రౌన్ దొర నిఘంటువులో లావు కింద స్థూలత్వమూ బలమూ రెండూ ఇచ్చాడు. అక్కడితో ఆగండి.

అరసున్న అభిమాని:
ఆగను. మీ టార్క్‌కి సరైన పద్యం సుమతి కాదు, ఇది:

కరిఁ దిగుచు మకరి సరసికి
కరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్

స్పానర్ కథే. ఇద్దరూ లాగుతున్నారు, ఎవరూ కదలట్లేదు. ఇక్కడ దిగడం ఏమీ లేదు. తిగుచు అంటే లాగు. "కరిన్ తిగుచు" సరళాదేశంతో "కరిఁ దిగుచు" అయింది. ఎవరు ఎవర్ని లాగుతున్నారో చెప్పేది ఆ అరసున్నే. ఇప్పటి అచ్చుల్లో దాన్ని ఎత్తేశాక పిల్లలు ఏనుగు చెరువులోకి దిగుతోందనుకుంటున్నారు. టార్క్‌ని "తిగుపు" అందాం అని నా ప్రతిపాదన.

ఆటోనగర్ అబ్బాయి:
తిగుపు అడిగితే షాపులో టీ తెచ్చిస్తారు సార్.

ఖమ్మం ఆడపడుచు:
మా పుట్టింటివైపు "లావు పైసలైనయి" అంటే ఎక్కువైనయని. అందుకే నాకో ఊహ. లాగు నుంచే లావు వచ్చిందేమో? గకారం వకారం అవడం వింత కాదు. తిగుచు, తివుచు రెండూ ఉన్నాయిగా.

పటమట పంతులు:
ఒక జంట దొరికిందని ప్రతి గకారాన్నీ మార్చుకుంటూ పోతే రేపు మాగాయ మావాయ అవుతుంది. ఆధారం చూపండి.

ఆ మేస్త్రి నిజంగా గట్టిమాట అన్నది లావు గురించి కాదు, నీతి గురించి. నీతిలో ఉన్నది "నీ" ధాతువు, నడిపించడం, తీసుకెళ్లడం. నాయకుడు, నేత అన్నీ అందులోవే. ఇంజన్లో పుట్టినదాన్ని చక్రం దాకా నడిపించి తీసుకెళ్లేది గేరు. మావటి ఏనుగుకి బలం ఇవ్వడు, ఉన్నదాన్ని మళ్లిస్తాడు.

మాజీ సైన్సు మాస్టారు:
గేరు కూడా సామర్థ్యం ఇవ్వదు. టార్క్‌ని వేగంగా, వేగాన్ని టార్క్‌గా మారుస్తుంది. ఈ పద్యం పాఠంలో పెట్టుకుని ఉంటే భ్రామకానికి అంత తిప్పలు పడేవాణ్ణి కాదు.

ఆటోనగర్ అబ్బాయి:
ఆరెక్స్ 100 గురించి ఎవరూ ఎత్తలేదేం? 98 సీసీకి 11 గుర్రాలు. టూ స్ట్రోక్, చుట్టుకోసారి మంట. దానికి ఏ పద్యం?

అరసున్న అభిమాని:
దానికి సీసమే. ఎత్తుగీతి పొగలో కనపడదు.

బ్రాడీపేట నాలుగో లైను:
అన్నీ బాగున్నాయి గానీ, కంటెనా కన్ననా?

పటమట పంతులు:
చెప్పాగా, కంటెను.

ఖమ్మం ఆడపడుచు:
మా తాతగారు కన్నను అనేవారు. ఆయనా తెలుగు పంతులే.

బ్రాడీపేట నాలుగో లైను:
ఉండబట్టలేక మేస్త్రికే ఫోన్ చేశా. "మా గురువు అనేవాడండీ, నాకు చివరి రెండు పాదాలే వచ్చు, ముందుది ఏదో గొణిగేస్తా" అన్నాడు. క్లచ్ ప్లేట్లు వచ్చాయట, గురువారం బండి తెమ్మన్నాడు.