పెరట్లో తీసిన తేనెపిట్ట ఫొటో ప్రింట్‌లో నల్లగా వచ్చింది, ఏం చెయ్యాలి?

పెరటిమందారం:
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి దగ్గర పల్లె. పెరట్లో ముద్దమందారం కాదు, రేక మందారం చెట్టు ఉంది, పొద్దున్నే ఏడింటికల్లా తేనెపిట్టలు వచ్చేస్తాయి, రెండేళ్ళుగా వాటినే తీస్తున్నా. కెమెరా 24 మెగాపిక్సెల్, లెన్స్ 70-300. ఆ చెట్టు అమ్మ నాటింది, ఇప్పుడు తను హైదరాబాద్‌లో అక్క దగ్గర ఉంటోంది, తన గదిలో గోడకి పెట్టడానికి ఒక మంచి ప్రింట్ చేయిద్దామని మగపిట్ట ఫొటో ఒకటి 12x18 సైజులో వేయించా. ల్యాప్‌టాప్‌లో నీలం, ఊదా మెరిసిపోతున్నాయి, ప్రింట్‌లో మాత్రం పిట్ట బొగ్గుముక్కలా ఉంది, ఈకలు కలిసిపోయాయి, మందారం అంతా ఒకటే ఎరుపు ముద్ద. ల్యాబ్ మార్చాలా, పేపర్ మార్చాలా? దయచేసి చెప్పండి, ఈసారి సరిగ్గా చేయించాలని ఉంది.

కాగితంపిచ్చి:
ల్యాబ్‌ని అనుకునే ముందు రెండు చూడండి. క్రాప్ చేశాక ఫైల్ ఎన్ని పిక్సెల్స్ మిగిలింది? స్క్రీన్ బ్రైట్‌నెస్ ఎంత పెట్టుకుని ఎడిట్ చేశారు? చాలామంది ఫుల్‌లో పెట్టి చేస్తారు, స్క్రీన్ తనే వెలుగిస్తుంది కదా, కాగితం అలా కాదు, గదిలో పడే వెలుతురే దానికి దిక్కు, అందుకే ప్రింట్ ఎప్పుడూ చీకటిగా అనిపిస్తుంది. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, పక్కన తెల్లకాగితం పెట్టుకుని రెండూ దాదాపు ఒకేలా కనిపించేదాకా సర్ది, అప్పుడు ఎడిట్ చెయ్యండి.
ఇంకోటి, ఫైల్ అడోబ్ ఆర్‌జీబీలో (రంగుల పరిధి ఎక్కువుండే పద్ధతి) ఇచ్చారేమో చూడండి. మామూలు ల్యాబ్‌లు ఎస్ఆర్‌జీబీ (అంతకన్నా చిన్న పరిధి) అనుకునే వేస్తాయి, అప్పుడు రంగులు చచ్చిపోతాయి. మందారం ముద్దగా రావడానికి కారణం ఎరుపు ఛానల్ కొట్టుకుపోవడం, అంటే ఎరుపు హద్దు దాటి రేకల వివరాలు పోవడం. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) కాకుండా ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (మూడు రంగులకీ విడివిడిగా చూపేది) పెట్టుకుని, ఎరుపు కుడిగోడకి తగలకుండా ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి రా ఫైల్‌లో (కెమెరా రంగులు సర్దకముందు దాచే అసలు ఫైల్) తియ్యండి.

పెరటిమందారం:
థాంక్స్ అండి. క్రాప్ తర్వాత 2600x1733 ఉంది. బ్రైట్‌నెస్ ఫుల్లే.

కాగితంపిచ్చి:
అదే మరి. 2600ని 18తో భాగిస్తే అంగుళానికి 144 పిక్సెల్స్, దగ్గరగా నిలబడి చూసే ప్రింట్‌కి 300 ఉంటే హాయి. ఈ ఫైల్‌ని 9x6 దాటించకండి. అలాగని చిన్న ప్రింట్ అంటే తక్కువేం కాదు, చుట్టూ మూడేసి అంగుళాలు తెల్ల మౌంట్, అదీ యాసిడ్ ఫ్రీ (ప్రింట్‌ని పసుపెక్కించని) బోర్డ్ పెట్టించి ఫ్రేమ్ కట్టిస్తే గోడ మీద ఎంత నిండుగా ఉంటుందో. పేపర్ విషయానికొస్తే కాటన్ మ్యాట్ పేపర్లు (హానెముహ్లె ఫొటో రాగ్ 308 లాంటివి) కాకి, పిచ్చుక ఫొటోలకైతే నాకు ప్రాణం, కానీ మెరిసే పిట్టకి వద్దంటాను, నలుపు లోతు తగ్గి మెరుపు పోతుంది. బరైటా (బేరియం సల్ఫేట్ పూత ఉన్న, కాస్త మెరుపుండే) పేపర్ మీద పిగ్మెంట్ ఇంకుతో (సన్నటి రంగురేణువులుండే ఇంకు) వేయించండి.

జామచెట్టుకింద:
పేపర్ కన్నా ముందు ఎండ సంగతి చూసుకోవాలండీ. తేనెపిట్ట నీలం అసలు రంగుపదార్థం కాదు, ఈక నిర్మాణం మీద వెలుగు తిరగ్గొట్టడం వల్ల వచ్చేది, కోణం తప్పితే నిజంగానే నల్లగా ఉంటుంది. కాబట్టి పొద్దుటెండ మీ వీపు మీద పడేలా కూర్చోండి, పిట్ట తల తిప్పినప్పుడల్లా మెడ మీద మెరుపు వచ్చిపోతుంటుంది, ఆ క్షణానికి 1/1600 సెకను షట్టర్‌లో నాలుగైదు ఫ్రేములు. రోజూ ఒకే చోట, ఒకే స్టూల్ మీద, కదలకుండా కూర్చుంటే పదిరోజుల్లో మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తాయి, నేను ఆరడుగుల దూరం నుంచి తీసినవి ఉన్నాయి. గూడు కనిపిస్తే మాత్రం దయచేసి దాని జోలికి వెళ్ళకండి, ఫొటో బాగా కనిపించాలని చుట్టూ ఆకులు తుంచితే కాకి కంట పడుతుంది.
ఇంకో మాట. ఫొటోని అంతలా ఎందుకు కోశారు? గోడకి పెట్టే బొమ్మలో పిట్ట చిన్నగా ఉన్నా పర్లేదు, కొమ్మ, పూలు, వెనకాల ఖాళీ ఉండనివ్వండి. అమ్మగారు చూసేది పిట్ట ఒక్కదాన్నే కాదు కదా, తన చెట్టుని కూడా.

పెరటిమందారం:
మీరిద్దరూ చెప్పింది చదివి రాత్రి పాత ఫోల్డర్లన్నీ తిరగేశా. పిట్ట మరీ చిన్నగా ఉందని పక్కన పడేసిన ఫ్రేమ్ ఒకటి దొరికింది, క్రాప్ లేదు, 6000x4000, అంటే 18 అంగుళాలకి 333 వస్తుంది. ఎండ నా వెనక నుంచే ఉంది, పిట్ట మెడ దగ్గర నీలం కూడా ఉంది. కింద మూలలో చెట్టు మొదట్లో అమ్మ నీళ్ళు పోసే ఇత్తడి చెంబు ఉంది. బరైటా మీద ముందు చిన్న టెస్ట్ ప్రింట్ వేయించి చూస్తా.

జామచెట్టుకింద:
చెంబు తీసెయ్యకండి.