లివర్ టానిక్ సీసా మీద ‘లివర్’ అన్న మాట ఉండనివ్వాలా?

కృష్ణలంక
పైత్యం, అజీర్ణం, ఆకలి మందగించడం, కడుపుబ్బరం, మలబద్ధకం, పొద్దున లేవగానే వికారం, అన్నిటికీ ఒకటే సీసా. ఏ మందుల షాపుకెళ్లి "లివర్ టానిక్ ఇవ్వండి" అన్నా చీటీ అడగరు. నా మాట సూటిగా చెప్తాను, ఒప్పుకోనివాళ్లు వాదించండి. లివర్‌కి మేలు చేస్తుందని మనుషుల మీద సరిగ్గా పరీక్షించి చూపించలేని కంపెనీ ఆ మాటని పేరులో గానీ అట్ట మీద గానీ వాడకూడదు. అమ్మకం ఆపమనడం లేదు. ఆ ఒక్క మాట తీసేయమంటున్నాను.

ఇది జరగని పనేమీ కాదు. అమెరికాలో కార్టర్స్ లిటిల్ లివర్ పిల్స్ అని 1868లో మొదలైన మాత్రలు ఉండేవి. తలనొప్పి, పైత్యం, అజీర్ణం, మలబద్ధకం అన్నీ పోతాయని, లివర్ నుంచి పైత్యరసం బాగా పారేలా చేస్తాయని పేపర్లలో, తర్వాత రేడియోలో ఊదరగొట్టారు. తీరా లోపలున్నది మూసాంబరం, పొడోఫిల్లమ్ అనే ఒక వేరు, రెండూ విరేచనాల మందులే. తప్పుడు ప్రకటనల్ని అడ్డుకునే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1943లో కేసు పెట్టింది, సాక్ష్యాలే వేల పేజీలు నడిచాయి, 1951లో "లివర్" తీసేయమని ఉత్తర్వు వచ్చింది, దాని మీద మళ్లీ అప్పీళ్లు, చివరికి 1959లో సుప్రీంకోర్టు ఆ అప్పీలు వినడానికే ఒప్పుకోకపోవడంతో పేరు కార్టర్స్ లిటిల్ పిల్స్ అయింది. ఒక్క మాట కోసం పదహారేళ్లు! ఆ కంపెనీ ఏమీ మూతపడలేదు, మాత్రలు తర్వాత కూడా అమ్ముడుపోయాయి. కాకపోతే లివర్‌ని బాగుచేస్తున్నామన్న నమ్మకం అమ్మడం ఆగింది. మన దగ్గర అదెందుకు కుదరదు?

షాపుకౌంటర్
చాలా ఏళ్లుగా కౌంటర్లో నిలబడేవాడిని కాబట్టి చెప్తున్నా, లివర్ టానిక్ పేరుతో పోయేవి రెండు రకాలు, మీరు కలిపేస్తున్నారు. ఒకటి మూలికలది, నేలవేము, నేలఉసిరి, కటుకరోహిణి, గుంటగలగర లాంటివి వేసి చేసేది. రెండోది ఇంగ్లీషు మందు, సిప్రోహెప్టడిన్, ట్రైకోలిన్ సిట్రేట్, సార్బిటాల్ కలిపిన సిరప్. పిల్లలకి ఆకలి పుట్టాలని తీసుకెళ్లేది ఎక్కువగా ఈ రెండోదే. ఆకలి నిజంగానే పుడుతుంది, ఎందుకంటే సిప్రోహెప్టడిన్ అలర్జీ మందు, ఆకలి పెరగడం దాని సైడ్ ఎఫెక్ట్, దాంతోపాటు నిద్రమత్తూ వస్తుంది. ఆ ఆకలి లివర్ బాగుపడి వచ్చింది కాదు. సార్బిటాల్ వల్ల మోషన్ ఫ్రీగా అవుతుంది, "కడుపు తేలికైంది, లివర్ పనిచేస్తోంది" అని మళ్లీ అదే సీసాకి వస్తారు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోండి. నోటితో అడిగి కొనేవాళ్లు ఎంతమందో, డాక్టరు చీటీ పట్టుకొచ్చేవాళ్లూ అంతమంది. ఎంబీబీఎస్‌లూ రాస్తారు, ఎండీలూ రాస్తారు. కంపెనీనొక్కదాన్నే అంటే ఎలా?

చిన్నోడి అమ్మ
షాపుకౌంటర్ అన్నా, మా వాడికి పడుతున్న సీసా ఇప్పుడే తీసి చూశాను, మీరు చెప్పిన పేరే ఉంది. క్లాసులో నిద్రపోతున్నాడని టీచర్ కంప్లయింట్ చేసింది, రాత్రి ఫోన్ చూడడం వల్లేమో అనుకుంటున్నాం. ఆపేయాలా?

షాపుకౌంటర్
ఎవరు రాసిచ్చారో వాళ్లనే అడగమ్మా, నిద్ర సంగతి తప్పకుండా చెప్పు. బరువు, ఎత్తు కూడా చూపించు. అవి వయసుకి తగ్గట్టే ఉంటే అసలు సిరప్ ఎందుకని నువ్వే అడగొచ్చు.

బీఏఎంఎస్ అనంతపురం
కృష్ణలంక గారూ, మీ ఆవేదన అర్థమైంది, కానీ ఆయుర్వేదాన్నంతా ఒకే గాటన కట్టకండి. జీర్ణానికి మా దగ్గర లవణభాస్కర చూర్ణం, హింగ్వాష్టక చూర్ణం, అవిపత్తికర చూర్ణం ఉన్నాయి, ఇవి గ్రంథంలో చెప్పిన పాళ్లతో, చెప్పిన పద్ధతిలో చేయాలి. మీరు అంటున్న సీసాలు చాలావరకు పేటెంట్, ప్రొప్రయిటరీ మందుల కిందికి వస్తాయి. 1940 నాటి డ్రగ్స్ చట్టం ప్రకారం వాటిలో వేసే దినుసులు గ్రంథాల్లో ఉంటే సరి, కలిపే తీరు మాత్రం కంపెనీ సొంతం. ఈ తేడా జనానికి ఎవరూ చెప్పరు.

పరీక్షలే లేవన్నట్టు మాట్లాడడం మాత్రం అన్యాయం. నేలఉసిరి మీద 1988లో మద్రాసులో చేసిన పరిశోధన లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. హెపటైటిస్ బి వైరస్ మోస్తున్న 37 మందికి ఇస్తే 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు కనబడకుండా పోయింది, ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. పైగా ఒక్కొక్కరి అగ్ని (అంటే జీర్ణశక్తి), ప్రకృతి (అంటే ఒంటి తత్వం) చూసి ఇవ్వాల్సిన మందుని అందరికీ ఒకే డోసు పోసి కొలవడం ఏం కొలత?

కృష్ణలంక
డాక్టర్ గారూ, ఆ 1988 లెక్క నాకూ తెలుసు, మొదట చదివినప్పుడు గర్వంగా అనిపించింది కూడా. కానీ తర్వాత ఇతర దేశాల్లో హెపటైటిస్ బి వాళ్ల మీదే నేలఉసిరి జాతి మూలికలు వాడి చూస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయకపోతే ఎందుకని ఇంకా వెతకాలి, అంతేగానీ మొదటి పేపరు పట్టుకుని సీసాలు అమ్మకూడదు. అందరికీ తెలిసిన మూలికల లివర్ మాత్ర లివ్.52నే తీసుకోండి, 1955 నుంచీ ఉంది. మద్యం వల్ల లివర్ దెబ్బతిన్న 80 మందిని శ్రీలంకలో రెండు గుంపులు చేసి ఆరు నెలలు చూశారు, 2003లో అచ్చయింది, మాత్ర వేసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వారాంతం తాగి, సోమవారం ఆ మాత్ర వేసుకుంటే సరిపోతుందనుకునే కుర్రాళ్లు నాకు బోలెడుమంది తెలుసు, నా టెన్షన్ అంతా వాళ్ల గురించే.

ఇక ప్రకృతి చూసి ఇవ్వాలన్నారు. మీరు నాలుక చూస్తారు, నాడి చూస్తారు, ఏం తిన్నాడో అడుగుతారు. షాపులో అమ్మే సీసాకి ఆ చూసే మనిషే లేడు కదా. మీ మాట ప్రకారమే అది అందరికీ అమ్మకూడని వస్తువు.

రాజోలు
పెద్దవాడిని, ఒక మాట చెప్పనివ్వండి. మా రోజుల్లో పసిపిల్లలకి లివర్ జబ్బు అంటే మద్రాసు నుంచి జమ్మివారి లివర్ క్యూర్ తెప్పించేవాళ్లు. పొట్ట ఉబ్బి, చేతులూ కాళ్లూ పుల్లల్లా అయిపోయి, పచ్చబడి, కొన్ని నెలల్లో బిడ్డ పోయేది. ఒక ఇంట్లో పోతే తర్వాతి కాన్పు బిడ్డకీ వచ్చేది. ఇంగ్లీషు డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బది. ఆ తల్లిదండ్రులకి సీసా ఒక్కటే ఆధారం. ఇప్పుడు స్కానింగులూ అవీ ఉన్న కాలంలో కూర్చుని దాన్నంతా మోసం అంటే మనసు ఒప్పుకోవడం లేదు.

పిల్లలవార్డు సిస్టర్
రాజోలు బాబాయి గారూ, మీరు చెప్పిన ఆ జబ్బు కథ ఇక్కడ అందరికీ తెలియాలి. ఇంగ్లీషులో ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్ అంటారు. పుణెలో మన డాక్టర్లు, ఒక బ్రిటన్ డాక్టరు కలిసి వెతికితే, ఆ పిల్లల లివర్‌లో రాగి విపరీతంగా పేరుకుని ఉంది. అదెక్కడిదంటే, తల్లిపాలు త్వరగా మాన్పించి పోతపాలు పట్టే ఇళ్లలో, ఆ పాలు కాచింది, నిల్వ ఉంచింది కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో. పాలు రాగిని ఇట్టే పట్టేసుకుంటాయి, నీళ్లలాగా కాదు. 1983లో ఇది లాన్సెట్‌లో వచ్చింది. అందరు పిల్లలకీ రాలేదు కాబట్టి పుట్టుకతో వచ్చే లోపం కూడా కొంత తోడై ఉండొచ్చంటారు. స్టీలు గిన్నెలొచ్చాయి, పాలు ఎలా పట్టాలో తల్లులకి చెప్పారు, 1990లలో ఆ జబ్బు దాదాపు కనబడకుండా పోయింది. తర్వాతి కాన్పు బిడ్డకీ వచ్చేదన్నారు చూడండి, ఇంట్లో గిన్నె అదే కదా. ఆ తల్లుల్ని ఎవరూ తప్పుపట్టరు బాబాయ్. కానీ పిల్లల్ని కాపాడింది ఏ టానిక్కో కాదు, కారణం ఎక్కడుందో వెతకడం.

పాడేరు రోడ్డు
అందరూ బాగానే చెప్తున్నారు. మా వైపు రండి. ఆసుపత్రికెళ్లాలంటే ఒకరోజు కూలి పోతుంది, వెళ్తే డాక్టరు ఉంటాడో లేడో. కడుపులో మంటకీ గ్యాస్‌కీ సీసా తాగితే రెండ్రోజుల్లో తగ్గుతుంది. దాని మీద ఏం రాసుంటే మాకేంటి? పచ్చకామెర్లకి పసరు పోయించుకుంటాం, చాలామందికి తగ్గింది, కళ్లతో చూశాం.

కృష్ణలంక
తమ్ముడూ, నీ కష్టం కాదనను, అజీర్ణం చాలాసార్లు రెండ్రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, సీసా తాగినా తాగకపోయినా. కామెర్లూ అంతే, నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, ఆ పేరు పసరుకో టానిక్‌కో వస్తుంది. ఇబ్బందల్లా తగ్గని ఆ కొద్దిమందితోనే. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదికి రావచ్చు. పిత్తాశయంలో రాయి నాళానికి అడ్డం పడ్డా కళ్లు పచ్చబడతాయి, దానికి ఏ సిరప్పూ పనికిరాదు. కళ్లు పచ్చగా ఉన్నా, మలం నల్లగా తారులా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గుతున్నా ఆ రోజు కూలి పోయినా సరే వెళ్లాల్సిందే. సీసా మీద "లివర్" అని రాసుంది కాబట్టి ముందు ఇది తాగి చూద్దాం అని ఆగిపోయేవాళ్ల గురించే నా గొడవంతా.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1945 డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఉంది, నయం చేస్తామని మందులు చెప్పుకోకూడని జబ్బుల పట్టిక అది. అందులో కామెర్లు, హెపటైటిస్, లివర్ జబ్బులు ఉన్నాయి. అందుకే ఎవరూ "నయం" అని రాయరు, "టానిక్", "సపోర్ట్", "కేర్" అని రాస్తారు. జనం మాత్రం దాన్ని నయం అనే చదువుకుంటారు.

బీఏఎంఎస్ అనంతపురం
ప్రొప్రయిటరీ సీసాల వరకు మీతో ఉంటాను, గ్రంథంలో చెప్పిన మందుల జోలికి రాకపోతే. కానీ సిప్రోహెప్టడిన్ సిరప్‌కి కూడా అదే రూలు పెట్టాలి. మూలిక అయితే రుజువు కావాలి, ఇంగ్లీషు మందైతే అక్కర్లేదు అంటే ఒప్పుకోను.

కృష్ణలంక
రెండిటికీ పెట్టాలి. ముందుగా ఆ సిరప్‌కే పెట్టినా సంతోషమే.

షాపుకౌంటర్
పేరు మారిస్తే నా బేరం ఏం తగ్గదు, "ఆకలి సిరప్" అని అడుగుతారు, అంతే. కానీ మూత్రం పచ్చగా వస్తోందని వచ్చి టానిక్ అడిగేవాడికి రక్తపరీక్ష చేయించుకోమని చెప్తే, "సీసా మీదే లివర్ అని ఉంది కదా, ఇవ్వవయ్యా" అని నాతో గొడవపడడం ఆగుతుంది. ఇవ్వకపోతే పక్క షాపులో కొంటాడు. అందుకని నా ఓటు తీసేయమనే.