ఈ వారం సమస్య: "బట్ట విడిచి పరుగు పెట్టె బుధుడు"

నిర్వాహకుడు: చెన్నై మిత్రులకు నమస్కారం. ఇది చివరి పాదం; పై మూడు పాదాలు మీరు రాసి, ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంగా పూరించండి. బుధుడంటే పండితుడు. బ–పె యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం జత కలవడం) కుదరలేదని అప్పుడే ఒకరు ఫోను చేశారు. ట్ట–ట్టె ప్రాసయతి (వాటి పక్క అక్షరాలు జత కలవడం) ఉందండీ, చూడండి.

పెరంబూరు సభ్యుడు:
తొట్టి నీరు పొరల తోచెను మర్మమ్ము,
మకుట మందు కల్తి మాట తెలిసె;
దొరికె ననుచు నరచి తుడుచుకొనక మేను
బట్ట విడిచి పరుగు పెట్టె బుధుడు.

నిర్వాహకుడు: ఆర్కిమిడీస్! స్నానపు తొట్టిలో ఉండగా కిరీటంలోని కల్తీ కనిపెట్టే ఉపాయం తట్టి, అలాగే పరుగెత్తాడని చెప్పే గ్రీకు శాస్త్రజ్ఞుడు. ఈ సమస్యకు మొదట తట్టేది ఆయనే. "తుడుచుకొనక మేను" అన్నచోట తడికాళ్ల మనిషి కళ్లకు కట్టాడు. "మాట" మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. "మాయ తెలిసె" అంటే హాయిగా ఉంటుంది.

అన్నానగర్ సభ్యుడు: ఈ పరుగు కథ ఆర్కిమిడీస్ రచనల్లో లేదు. ఆయన తరువాత రెండు శతాబ్దాలకు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాసింది. పద్యానికి అడ్డేమీ లేదనుకోండి.

మైలాపూరు సభ్యురాలు:
తాటియాకు కట్ట తడియునో యనుచును
మాడ వీథి మేడ మబ్బు జూచి
తీగ నారవేయఁ దెచ్చిన సతిపట్టు
బట్ట విడిచి పరుగు పెట్టె బుధుడు.

నిర్వాహకుడు: శభాష్ అమ్మా! మనిషి ఒంటి మీద బట్ట ఒంటి మీదే ఉంది, సమస్య విడిపోయింది. ఇంట్లో జరగబోయేది వేరే సమస్య. పాదం చివర "పట్టు" అని ఆపి కింద "బట్ట" అందుకోవడం చాలా బాగుంది.

విల్లివాక్కం సభ్యుడు: 2017 ఏప్రిల్‌లో మన తమిళనాడు రైతులు ఢిల్లీలో ప్రధాని కార్యాలయం దగ్గర చేసిన నిరసన మీద:
ఎండిపోయె నేల, యెవ్వరు వినరైరి,
పుర్రె చేత బట్టి పోరు సలిపె;
ప్రభువు గడప యెదుట "పరువేల నా"కంచు
బట్ట విడిచి పరుగు పెట్టె బుధుడు.

అన్నానగర్ సభ్యుడు: బాధ నిజమే. రైతును బుధుడనడం అతకలేదు.

విల్లివాక్కం సభ్యుడు: కరవుకు పరిహారం, రుణమాఫీ అడుగుతూ జంతర్ మంతర్‌లో రోజుల తరబడి కూర్చున్నారు. పుర్రెలు పట్టుకున్నా ఎవరూ పలకలేదు. చివరికి ఏం చేస్తే దేశం తల తిప్పి చూస్తుందో వాళ్లకు తెలిసింది. బుధుడంటే తెలిసినవాడేగా?

నిర్వాహకుడు: ఆ వాదన ఒప్పుకుంటాను. ఈ సమస్యలో బట్ట విప్పించడం తేలిక, ఆ పని చేసినవాణ్ణి బుధుడని ఒప్పించడం కష్టం. కాని మీ వివరణలో ఉన్న రైతు పద్యంలో లేడు. మొదటి పాదం "రైతు నేల యెండె, రాలేదు చుక్కైన" అని మార్చి చూడండి. గణాలు (గురులఘువుల లెక్క), యతి సరిపోతాయి. ఆదివారం వరకు గడువుంది, తేటగీతి పంపవద్దు, అది వేరే ఛందస్సు.