పసుపు క్యాప్సూల్స్ కొవ్వులో జీన్స్‌ని (జన్యువుల్ని) ఆపేస్తాయంటున్నారు, నిజమేనా?

గోదారి_కుర్రోడు:
మా జిమ్ కోచ్ నన్నూ నాన్ననీ కర్క్యుమిన్ క్యాప్సూల్స్ వాడమని ఒకటే పోరు. పసుపులో ఉండే ఆ పదార్థం కొవ్వు కణాల్లో జీన్స్‌ని ఆఫ్ చేస్తుందంట, ఇక కొత్త కొవ్వు పుట్టదంట. నాన్నకి కాళ్ళూ చేతులూ సన్నమే, పొట్ట మాత్రం ఉంది, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు. కొనమంటారా?

నల్గొండ_రవి:
కొను బ్రో. పీపీఏఆర్ గామా అని ఓ ప్రోటీన్ ఉంటుంది, చిన్న కణం కొవ్వు కణంగా మారాలంటే అదే జీన్స్‌ని ఆన్ చెయ్యాలి, కర్క్యుమిన్ దాన్ని తగ్గిస్తుందని ల్యాబుల్లో చూపించారు. ఎలుకల మీద కూడా ఉంది. 2006లో సోయాలోని జెనిస్టీన్ కడుపుతో ఉన్న ఎలుకలకి పెడితే పిల్లల్లో అగౌటీ అనే బొచ్చు రంగు జీన్ మీద మిథైల్ గుర్తులు (జీన్‌ని అణిచిపెట్టే రసాయన గుర్తులు) పెరిగి, పసుపు రంగులో లావుగా పెరిగేవి తగ్గి, గోధుమ రంగులో సన్నగా ఎదిగేవి ఎక్కువయ్యాయి. తిండి జీన్స్‌ని మారుస్తుందనడానికి ఇంకేం కావాలి?

శ్రీదేవి_బయోకెమ్:
రవి గారూ, ఆ రెండూ నిజమే, కానీ దాన్నుంచి క్యాప్సూల్ దాకా ఎలా వచ్చారో అర్థం కాలేదు. ఆ ఎలుకల్లో అగౌటీ జీన్ పక్కన ఓ ప్రత్యేకమైన డీఎన్ఏ ముక్క ఇరుక్కుని ఉంటుంది, మనకది లేదు, పైగా పెట్టింది గర్భంలో ఉన్నప్పుడు, యాభై ఏళ్ళ మనిషికి కాదు. ఇక ల్యాబులో అయితే కర్క్యుమిన్‌ని నేరుగా కణాల మీదే పోస్తారు. మనం మింగితే పేగూ లివరూ కలిసి చాలావరకు అక్కడికక్కడే మార్చేసి బయటికి పంపేస్తాయి, రక్తంలో దొరికేదే అతి తక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం, పీపీఏఆర్ గామాని ఆపడం మంచిదని ఎవరన్నారు? షుగర్‌కి వాడే పయోగ్లిటజోన్ చేసేది దాన్ని ఆన్ చెయ్యడమే. బరువు కొంచెం పెరుగుతుంది, అయినా షుగర్ తగ్గుతుంది, లివర్‌లో కొవ్వు కూడా తగ్గుతుంది. చర్మం కింది కొవ్వు కణం ఓ గోడౌన్ లాంటిది, దానికి తాళం వేస్తే సరుకు లివర్‌లోకే పోతుంది. వాళ్ళ నాన్నగారి ఒంట్లో కనపడుతున్నదీ దాదాపు అదే.

నల్గొండ_రవి:
అక్కా, రక్తంలోకి పోదంటే ఒప్పుకోను. 1998లోనే బెంగళూరులో మిరియాల్లోని పైపెరిన్ కలిపిస్తే 2000 శాతం పెరిగిందని చూపించారు. ఇంకోటి, మొక్కల మీద పేటెంట్ రాదు కాబట్టి మనుషుల మీద పెద్ద స్టడీలకి ఎవడూ డబ్బు పెట్టడు, అదీ అసలు సంగతి.

శ్రీదేవి_బయోకెమ్:
దాదాపు సున్నాగా ఉన్నదానికి 2000 శాతం పెరిగినా ఎంతని? పైగా పైపెరిన్ మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్నే అడ్డుకుంటుంది, ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్ లాంటివి రక్తంలో పెరిగిపోతాయి. డబ్బు మాట కూడా సరికాదు, ద్రాక్షలోని రెస్వెరట్రాల్ వెనక పడ్డ సర్‌ట్రిస్ కంపెనీని 2008లో గ్లాక్సో అనే పెద్ద మందుల కంపెనీ 72 కోట్ల డాలర్లకి కొంది, 2010లో ఆ మందు ట్రయల్సే ఆపేసింది.

తిండి కొవ్వులో జీన్స్‌ని మారుస్తుందన్న మాట మాత్రం నేనూ గట్టిగా నమ్ముతాను, మనుషుల్లోనే చూశారు కాబట్టి. 2014లో స్వీడన్‌లోని ఉప్సాలా వాళ్ళు 39 మందికి 7 వారాలు ఎక్స్‌ట్రాగా మఫిన్లు పెట్టారు, సగం మందికి పామాయిల్‌తో, సగం మందికి సన్‌ఫ్లవర్ నూనెతో. ఇద్దరూ పెరిగింది ఒకటే, 1.6 కిలోలు. కానీ పామాయిల్ వాళ్ళకి లివర్‌లోనూ పొట్ట లోపలా కొవ్వు బాగా ఎక్కువ చేరింది, రెండో వాళ్ళకి కండ ఎక్కువ పెరిగింది. కొవ్వు ముక్క తీసి చూస్తే జీన్స్ పనిచేసే తీరు కూడా తేడాగా ఉంది. మన దగ్గర బజ్జీల బండి నుంచి బేకరీ పఫ్ దాకా ఏ నూనె వాడతారో చూసుకోండి, నాకు బాధ అక్కడే.

నల్గొండ_రవి:
మఫిన్ల సంగతి ఒప్పుకుంటున్నాను అక్కా. కానీ నూనె రోజూ తింటాం కాబట్టి పనిచేసిందంటే, రోజూ కూరలో వేసే పసుపు కూడా ఏళ్ళ తరబడి ఏదో చేసే ఉంటుంది కదా, 7 వారాల స్టడీలో అది దొరకదు.

శ్రీదేవి_బయోకెమ్:
చెయ్యొచ్చు, అందుకే కూరలో పసుపు మానమని అనట్లేదు. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే, క్యాప్సూల్లో 95 శాతం, ఆ రెండూ ఒకటి కాదు. బాబూ, నాన్నగారు బీపీకీ షుగర్‌కీ ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా? ముందు అది రాయి.