కాలిన్స్ 628: గొప్ప ఇన్నింగ్సా, పిల్లలాటా?

ఎర్రబంతి:
2016లో ముంబై దగ్గరి కల్యాణ్ ఊరి కుర్రాడు ప్రణవ్ ధనవాడే 1009 కొట్టేదాకా, క్రికెట్‌లో అతి పెద్ద వ్యక్తిగత స్కోరు ఏ.ఈ.జే. కాలిన్స్‌దే. 1899 జూన్‌లో బ్రిస్టల్‌లోని క్లిఫ్టన్ కాలేజ్ అనే బడిలో, చిన్నపిల్లల హౌస్ జట్ల (ఒకే బడిలోని విద్యార్థి బృందాల) మధ్య కొట్టిన 628 నాటౌట్. దాన్ని 116 ఏళ్లు రికార్డుగా మోయడమే తప్పంటాను. అవతలి జట్టు 87కు, 61కి కుప్పకూలింది. క్యాచ్‌లు ఒకటికి నాలుగుసార్లు నేలపాలయ్యాయి. స్కోరు రాసిన కుర్రాడే ఇరవై పరుగులు అటో ఇటో కావచ్చన్నాడు!

పాతలెక్క:
అవతలి జట్టు బలహీనమే, కాదనను. కానీ పరుగుల పట్టిక చూశారా? ఒక సిక్సరు, 4 అయిదులు, 31 ఫోర్లు, 33 మూడులు, 146 రెండులు, 87 సింగిల్స్. రెండులు అన్నెందుకు? ఆ మైదానంలో ఒకవైపు హద్దు మరీ దగ్గర. అటు కొడితే ఇచ్చేది రెండు పరుగులే. మామూలు మైదానంలో ఫోరయ్యే దెబ్బకు సగమే దక్కిందన్నమాట. పదమూడేళ్ల పిల్లవాడు నాలుగు మధ్యాహ్నాలు, దాదాపు ఏడు గంటలు క్రీజులో నిలిచాడు. చివరి వికెట్‌కు 183 పరుగులు జతపడితే అందులో అవతలి ఎండ్‌లోని చివరి బ్యాటర్ రెడ్‌ఫెర్న్ వాటా 13. ఆ తర్వాత 11 వికెట్లు కూడా కాలిన్సే తీశాడు.

మూడో స్లిప్:
అంత గొప్పవాడైతే ఒక్క ఫస్ట్‌క్లాస్ (పై స్థాయి) మ్యాచ్ అయినా ఎందుకు ఆడలేదు?

పాతలెక్క:
అమెచ్యూర్ బతుకు అలాంటిది. ఆటకు జీతం పుచ్చుకోనివాడికి ఆస్తి అయినా ఉండాలి, ఉద్యోగమైనా ఉండాలి. హజారీబాగ్‌లో పుట్టిన ఈ పిల్లవాడు క్లిఫ్టన్ చేరేనాటికే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు. పెద్దయ్యాక బ్రిటిష్ సైన్యంలోని రాయల్ ఇంజనీర్స్ విభాగంలో చేరాడు. సెలవు దొరికినప్పుడే ఆట. 1913లో లార్డ్స్‌లో సైనిక జట్టుకు 58, 36 చేశాడు. మరుసటి వసంతంలో పెళ్లి. అదే ఏడాది నవంబర్ 11న, మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ పోరులో, తన కందకం పక్కకు మరింతమంది సైనికులను రమ్మని సైగ చేస్తూ తూటా తగిలి చనిపోయాడు. వయసు 29. శవం దొరకలేదు. అక్కడి యుద్ధ స్మారకం మెనిన్ గేట్ మీద పేరు మాత్రం ఉంది. ఆడలేదని అతన్ని నిలదీయడం నాకు బాధ కలిగిస్తోంది.

ఎర్రబంతి:
ఆ దగ్గరి హద్దు సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. జారిన క్యాచ్‌ల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.