పై అంతస్తు, 71 ఏళ్ల నాన్నగారు, పక్కన ఎండుగడ్డి: ఈ మే నెల ఎలా గట్టెక్కాలి?

భవానీపురం_మూడో_అంతస్తు · ఉదయం 11:20
అందరికీ నమస్తే. మాది విజయవాడ భవానీపురం, మూడో అంతస్తు, పైన డాబానే. నాన్నగారికి 71, బీపీ మాత్రలు వేసుకుంటారు. మధ్యాహ్నం పన్నెండు దాటితే గోడ మీద చెయ్యి పెట్టలేం, పరుపు కూడా వేడెక్కిపోతోంది. ఏసీ నా గదిలో ఒక్కటే ఉంది, అది వేస్తే రోజుకి రెండు మూడుసార్లు ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతుంటే మొన్న కరెంటు పని చేసే అబ్బాయి వచ్చి 16 ఆంప్స్‌ది తీసేసి 32ది వేశాడు, ఆ బాధ తీరింది. నాన్నగారి గదికి నిన్ననే కూలర్ కొన్నాం, కానీ తలుపులు, కిటికీలు అన్నీ మూసి పెట్టినా ఒకటే ఉక్క. ఇంకో టెన్షన్, పక్కన ఖాళీ స్థలంలో నడుం ఎత్తు ఎండుగడ్డి, దాంట్లో చెత్త పోసి సాయంత్రాలు ఎవరో ఒకరు అంటిస్తున్నారు, నిప్పురవ్వలు మా బాల్కనీ దాకా వస్తున్నాయి. వడదెబ్బ మొదట్లో ఎలా తెలుస్తుంది, బీపీ ఉన్నవాళ్లకి ఓఆర్ఎస్ ఇవ్వచ్చా, ఆ స్థలం గురించి ఎవరికి చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_4/14 · 11:41
కూలర్ పెట్టి కిటికీలు మూశారా? ఉక్క పోయక ఏం పోస్తుందండీ! కూలర్ అంటే ఏసీ కాదు, అది నీళ్లని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది, ఆ తేమ బయటికి పోవడానికి దారి ఉండాలి. కూలర్ వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదురుగా ఇంకో తలుపు ఓరగా తెరిచి పెట్టాలి. గుంటూరులో పదేళ్లుగా కూలర్ మీదే నెట్టుకొస్తున్నాం.

కృష్ణలంక_కుర్రాడు · 11:58
గుంటూరు సంగతి వేరు అన్నా. బెజవాడలో కూలర్ దండగ. పక్కనే కృష్ణ, అటు సముద్రం, గాలిలో అసలే తేమ. మా ఇంట్లో కూలర్ పెడితే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. కిందటేడు కొన్నది ఇప్పుడు బియ్యం బస్తా పెట్టుకునే స్టూలు.

బ్రాడీపేట_4/14 · 12:06
గుంటూరుకి బెజవాడకి మధ్య ఎంత దూరం తమ్ముడూ, ముప్పై కిలోమీటర్ల పైచిలుకు! సముద్రం మీకేమన్నా ఇంటి వెనకాల ఉందా? మధ్యాహ్నం పడమటి గాలి కొడుతున్నప్పుడు ముక్కులో చెమ్మ కూడా ఎండిపోతుంది, అప్పుడు కూలర్‌ని మించింది లేదు. మీరు ఏ టైముకి వేస్తున్నారో చెప్పకుండా దండగ అంటే ఎలా?

ఆటోనగర్_ఏసీ_సర్వీస్ · 12:30
22 ఏళ్లుగా ఈ ఫీల్డులో ఉన్నాను కాబట్టి ఒక మాట. కూలర్ల మీద ఇంత చర్చ అనవసరం. డాబా కింద గదికి కూలర్ చాలదు, స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి రెండు దాకా కక్కుతూనే ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించుకోండి. మూడు నెలలకోసారి సర్వీసు చేయించండి. అవుట్‌డోర్ యూనిట్‌ని గోడకి ఆనించి, నెత్తిన రేకు కప్పి ఊపిరాడకుండా పెట్టేవాళ్లే తర్వాత కంప్రెసర్ పోయిందని ఏడుస్తారు.

కృష్ణలంక_కుర్రాడు · 12:34
ఏసీ అమ్మేవాళ్లు ఏసీ కొనమనే చెప్తారు.

ఆటోనగర్_ఏసీ_సర్వీస్ · 12:37
నేను అమ్మను బాబూ, బాగు చేస్తాను. చదివి మాట్లాడండి.

మంగళగిరి_పద్మ · 12:52
మీరు కొట్టుకోండి గానీ, భవానీపురం గారూ, డాబా మీద సున్నం కొట్టించండి. మేం సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేశాం, కింద గదిలో తేడా బాగా తెలిసింది. వానాకాలానికి సగం పోతుంది, మళ్లీ వేసుకోవాలి, అంతే. సాయంత్రం డాబా మీద బకెట్లతో నీళ్లు చల్లేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది, తాగడానికి ట్యాంకర్ కోసం ఎదురుచూస్తూ అదేం పని.

రెంటచింతల_అల్లుడు · 13:15
బెజవాడ వాళ్లూ గుంటూరు వాళ్లూ ఎండ గురించి మాట్లాడుకుంటుంటే నవ్వొస్తోంది. ఒక్కసారి మా అత్తగారి ఊరు రండి, మంచంకోడు పట్టుకుంటే బొబ్బలొస్తాయి. గుంటూరు జిల్లా ఎండ అంటే రెంటచింతల, మిగతావన్నీ చలివేంద్రాలు.

బ్రాడీపేట_4/14 · 13:19
రెంటచింతల 2022 నుంచి పల్నాడు జిల్లా. గుంటూరు ఖాతాలో వేయకండి.

రెంటచింతల_అల్లుడు · 13:21
జిల్లా మారితే ఎండ మారిందా?

కృష్ణలంక_కుర్రాడు · 13:40
టీవీలో బెజవాడ 43 అని చెప్తారు గానీ ఆ కొలిచేది గన్నవరం ఎయిర్‌పోర్టులో, అదీ నీడలో. మన వన్ టౌన్ సందుల్లో, కొండ రాయి పక్కన ఎంత ఉంటుందో ఎవరు కొలిచారు?

యార్డు_హమాలీ_కొడుకు · 14:25
వడదెబ్బ ఎలా తెలుస్తుంది అని అడిగారు, ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. 2015 మే నెల. ఆ ఏడు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా పోయారు, గుర్తుండే ఉంటుంది. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. ఎండాకాలం సెలవులకి యార్డు మూసేశాక ఊరికే కూర్చోలేక బయట ఒక గోడౌన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తడానికి పోయాడు. మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు, నన్ను మా బాబాయి పేరుతో పిలిచాడు, నడుస్తుంటే తూలుతున్నాడు. తాగొచ్చాడనుకుని మా అమ్మ తిట్టింది. పడుకోనీలే అని ఒక గంట వదిలేశాం. ముట్టుకుంటే ఒళ్లు పెనంలా ఉంది, చొక్కా పొడిగా ఉంది. ఎప్పుడూ చెమటతో తడిసొచ్చే మనిషి పొడిగా వస్తే అప్పుడే అనుమానించాల్సింది. పక్కింటి నర్సమ్మ చూసి అరిచింది, తడి దుప్పటి చుట్టి, చంకల్లో ఐసు ముక్కలు పెట్టి, విసురుతూ 108లో పంపించాం. బతికాడు. కానీ ఆ తర్వాత ఎండలో పది నిమిషాలు నిలబడలేకపోయేవాడు. కొందరికి చెమట పడుతూనే వడదెబ్బ తగులుతుందట, ఆసుపత్రిలో చెప్పారు, కాబట్టి చెమట ఒక్కటే చూడకండి, మాట చూడండి. మాట తేడాగా ఉంటే గంట కాదు, నిమిషం కూడా ఆగకండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు మాత్రం పోయకండి.

మంగళగిరి_పద్మ · 14:40
చదువుతుంటే గుండె పిండేసినట్టైంది తమ్ముడూ.

సత్తెనపల్లి_మిర్చి_రైతు · 15:02
జేబులో ఉల్లిపాయ వేసుకుని పోతే వడ కొట్టదని మా తాత చెప్పేవాడు, ఇప్పటికీ మేం అలాగే పోతాం.

మందుల_షాపు_లక్ష్మీపురం · 15:20
ఉల్లిపాయ జేబులో కంటే మజ్జిగన్నంలో ఉంటే మంచిది సార్. అసలు విషయం, ఓఆర్ఎస్. లీటరుకి వచ్చే ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలుపుకుని తాగే బ్యాచ్ రోజూ వస్తారు నా దగ్గరికి. ఇంకోటి, రంగురంగుల డబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు ఆ పేరు వాడొద్దని ఆర్డరే ఇచ్చారు, షుగర్ ఉన్నవాళ్లు అవి తాగితే ఇంకా గొడవ. బీపీ ఉన్నవాళ్లకి ఓఆర్ఎస్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రోజూ మంచినీళ్లలా తాగించొద్దు. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయించేవి ఉంటాయి, ఎండాకాలం వాటితో ఒంట్లో నీరు తొందరగా తగ్గిపోతుంది, మాత్ర మీ అంతట మీరు ఆపకండి గానీ చీటీ పట్టుకెళ్లి డాక్టరుకి ఒకసారి చూపించండి. పెద్దవాళ్లకి దాహం సరిగ్గా తెలియదు, అడిగితే "వద్దురా" అంటారు. అడగడం మానేసి గ్లాసు చేతికివ్వండి.

కృష్ణలంక_కుర్రాడు · 15:31
బ్రాడీపేట అన్నా, ఇప్పుడు మూడున్నర, స్టూలు మీది బియ్యం దించి మళ్లీ కూలర్ వేశా. ఇప్పుడు చల్లగానే ఉంది, ఒప్పుకుంటా. సాయంత్రం తూర్పు గాలి తిరిగాక చెప్తా దీని సంగతి.

బ్రాడీపేట_4/14 · 15:33
అదేగా నేను పొద్దున్నుంచి మొత్తుకుంటోంది!!

ఫైర్_సర్వీస్_రిటైర్డ్ · 17:10
31 సంవత్సరాలు అగ్నిమాపక శాఖలో పనిచేశాను. పొద్దున్నుంచి కూలర్ కూలర్ అంటున్నారు, ఇనప బాడీ కూలర్‌లో ప్లగ్ తీయకుండా నీళ్లు పోసి షాక్ కొట్టి చనిపోయిన ఇళ్లకి నేను వెళ్లాను. ప్లగ్ తీసి పోయండి, తడి చేత్తో ముట్టుకోకండి, ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి. ఇక ఖాళీ స్థలం. ముందు మీ బాల్కనీలో అట్టపెట్టెలు, పాత న్యూస్ పేపర్లు, ఆరేసిన బట్టలు సాయంత్రానికి తీసేయండి, నిప్పురవ్వకి అవే ఆధారం. గడ్డి కోయించమని వార్డు సచివాలయంలో రాసిచ్చి రసీదు తీసుకోండి. మంట మీదాకా వస్తోందంటే బకెట్ పట్టుకుని పరిగెత్తకండి, 101కి చేయండి. గాలి ఉన్నప్పుడు ఎండుగడ్డి మంట మనిషి కంటే వేగంగా వస్తుంది. మొగల్రాజపురం, గుణదల కొండల మీద ఇళ్లకైతే మా బండి మెట్ల దగ్గరే ఆగిపోయేది, పైపులు భుజాన వేసుకుని ఎక్కేవాళ్లం, అక్కడుండేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పడకగదిలో చార్జింగ్ పెట్టి నిద్రపోకండి. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే అలా పేలి ఒకాయన చనిపోయారు.

ఈవీ_పటమట · 17:25
వచ్చేసింది, ఈవీల మీద ఏడుపు. పెట్రోలు బండ్లు తగలబడటం లేదా సార్? నాది మూడేళ్లుగా నడుస్తోంది, ఒక్క సమస్య లేదు. ఆ తర్వాత బ్యాటరీల రూల్సు కూడా కఠినం చేశారు.

ఫైర్_సర్వీస్_రిటైర్డ్ · 17:31
బండి కొనొద్దని నేను అనలేదు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారనివ్వకుండా వెంటనే చార్జింగ్ పెట్టొద్దు, మనుషులు పడుకునే చోట పెట్టొద్దు, బయటికి పోయే దారికి అడ్డంగా పెట్టొద్దు. ఇందులో ఏడుపు ఎక్కడుంది?

ఈవీ_పటమట · 17:38
మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ ఇవ్వరు. ఐదో అంతస్తుకి మోసుకెళ్లక ఏం చేయాలి? మీ అసోసియేషన్ పెద్దాయనలే ఒప్పుకోరు.

సత్తెనపల్లి_మిర్చి_రైతు · 17:55
మీ స్కూటర్ల గోల పక్కన పెట్టండి. మా కళ్లాల సంగతి ఎవరికి పట్టింది? రెండేళ్ల కింద పక్క చేలో మొక్కజొన్న చొప్ప తగలబెడితే గాలికి మంట తిరిగి మా గడ్డివాము పోయింది, దాని పక్కన ఆరబోసిన కాయ మీద పట్టాకి కూడా అంటుకుంది. మిరపకాయ కాలితే ఆ ఘాటుకి మనిషి దగ్గరికి పోలేడు. ఇంజను వచ్చేసరికి అంతా బూడిద. వాము కళ్లానికి దూరంగా వేయాలని అప్పుడు తెలిసింది, తెలిసి ఏం లాభం.

రెంటచింతల_అల్లుడు · 18:02
కాయకి ఆ ఏడు రేటు ఎంత ఉంది బాబాయ్?

సత్తెనపల్లి_మిర్చి_రైతు · 18:04
ఆ సంగతి గుర్తు చేయకయ్యా.

కృష్ణలంక_కుర్రాడు · 19:15
తూర్పు గాలి తిరిగింది. చొక్కా అతుక్కుంది. కూలర్ ఆపేసి ఉత్త ఫ్యాను వేసుకున్నా. చెప్పానా లేదా?

నైట్_డ్యూటీ_ఎలక్ట్రీషియన్ · 23:40
ఇప్పుడే డ్యూటీలో కూర్చుని మొత్తం చదివా. ఏంది సార్ ఇది, ఒక్కరు కూడా చూడలేదా? భవానీపురం గారు మొదటి పోస్టులోనే రాశారు, 16 ఎంసీబీ తీసి 32 వేశారని! 22 ఏళ్ల సర్వీసు గారు కూడా చూడలేదు! ఎంసీబీ పడేది వైరుని కాపాడటానికి. వైరు పాతదే ఉంచి ఎంసీబీ పెద్దది వేస్తే, వైరు కాలిపోతున్నా అది పడదు. మీకు ఆ బాధ తీరలేదు, కనపడకుండా పోయింది, అంతే. ఆ ఏసీకి వచ్చే వైరు ఎంతది? 1.5 స్క్వేర్ ఎంఎం అయితే వెంటనే ఏసీ ఆపేయండి. రాత్రి ఏసీ వేసుకుని పడుకుంటున్నారు మీరు.

ఆటోనగర్_ఏసీ_సర్వీస్ · 23:52
నిజమే, చూసుకోలేదు. ఒప్పుకుంటున్నా. భవానీపురం గారూ, ఏసీ ప్లగ్ తీసి పిన్నులు చూడండి, సాకెట్ దగ్గర గోధుమరంగు మరక గానీ కాలిన వాసన గానీ ఉందేమో. మెసేజ్ చూశారా?

ఫైర్_సర్వీస్_రిటైర్డ్ · 00:05
ఆయన పడుకుని ఉంటారు. నంబరు ఎవరి దగ్గరన్నా ఉందా?

భవానీపురం_మూడో_అంతస్తు · ఉదయం 6:48
ఇప్పుడే చూశాను. చేతులు వణుకుతున్నాయి. సాకెట్ ఒక మూల కరిగి నల్లగా అయింది, పిన్ను లాగితే ప్లాస్టిక్ సాగింది. రెండు రోజుల నుంచి గదిలో ఏదో వాసన వస్తుంటే ఖాళీ స్థలంలో చెత్త తగలబెట్టిన వాసన అనుకున్నా. మెయిన్ ఆపేశాను.

నైట్_డ్యూటీ_ఎలక్ట్రీషియన్ · 6:55
హమ్మయ్య. పాత వైరు మీద ఇంకేమీ ప్రయోగాలొద్దు. బోర్డు నుంచి ఏసీకి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, దానికి 20 ఎంసీబీ, కొత్త సాకెట్, ఎర్త్. మీరు పక్కన నిలబడి వైరు మీద అచ్చు చదివి మరీ వేయించండి.

భవానీపురం_మూడో_అంతస్తు · సాయంత్రం 6:30
వైరు 1.5 అట. కొత్తది లాగుతున్నారు, రేపటికి అవుతుంది. నాన్నగారిని పగలు కింద ఇంటి పిన్నిగారి వాళ్ల హాల్లో పడుకోబెట్టాం, గంటకోసారి గ్లాసు చేతికిస్తున్నాం, అడగడం మానేశాం. సచివాలయంలో రాసిచ్చాను, రసీదు ఇవ్వడానికి గంట కూర్చోబెట్టారు. గడ్డి ఇంకా అలాగే ఉంది.

బ్రాడీపేట_4/14 · 6:41
అంతా బానే ఉంది, కూలర్ కిటికీలో పెట్టారా లేదా?

భవానీపురం_మూడో_అంతస్తు · 6:50
పెట్టామండీ. మధ్యాహ్నం ఐదు దాకా చాలా బాగుంది.

కృష్ణలంక_కుర్రాడు · 6:51
ఐదు తర్వాత?