అన్యాయం మీద సీన్ రాయించాలి: డ్రాఫ్టులన్నీ ఒకే మూసలో వస్తున్నాయి, ఏం చేయాలి?

(ఇది ఫోరమ్ చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

నల్లబల్ల (ప్రశ్న)

స్క్రీన్‌ప్లే డిప్లొమా రెండో సెమిస్టరు వాళ్లకు అసైన్‌మెంటు. అంశం మద్రాసు ప్రెసిడెన్సీలో నేరస్థ తెగల చట్టం (కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులని ముద్రవేసిన బ్రిటిష్ చట్టం), ముఖ్యంగా ఎరుకల కుటుంబాల మీద సాగిన నిఘా, వాళ్లను కదలనీయకుండా ఉంచిన స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు. ఒక్కొక్కరు మూడు పేజీల సీన్ రాయాలి.

మొదటి డ్రాఫ్టులు చూస్తే అన్నీ ఒక అచ్చులో పోసినట్టున్నాయి. కొరడా, తెల్లదొర, కాళ్ల మీద పడే తల్లి, చివర్లో ఓ కుర్రాడి ఉపన్యాసం. చదివితే కోపమూ రాదు, బాధా కలగదు. పిల్లలు శ్రద్ధ లేక అలా రాయలేదు, వాళ్లు నిజంగానే కదిలిపోయి రాశారు.

అడగాలనుకున్నవి: రాయించేముందు చరిత్ర ఎంత చెప్పాలి? కులం పేరుతో తిట్టే మాటలు డైలాగుల్లో వస్తే క్లాసులో ఎలా చదివించాలి? మార్కులు దేనికి వేయాలి?

దస్త్రం

చరిత్ర మొత్తం చెప్పకండి. గంట ఉపన్యాసం విన్న విద్యార్థి ఆ గంటనంతా పాత్రల నోట కుక్కుతాడు. మీరు చూసిన ఉపన్యాసం అక్కడి నుంచే వస్తోంది. నేపథ్యం ఇరవై నిమిషాల్లో ముగించి, ఒక్కొక్కరి చేతిలో ఒక్క నిబంధన పెట్టండి. ఆ చట్టం అందుకు బాగా కుదురుతుంది, ఎందుకంటే అది మనుషుల్ని కొట్టడం కంటే ఎక్కువగా రాసుకుంది, లెక్కపెట్టింది, కదలకుండా ఆపింది.

నేపథ్యానికి ఇంత చాలు. 1871లో వచ్చిన చట్టం మొదట ఉత్తరాదికే. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1924లో మళ్లీ సవరించి ఒకచోట చేర్చారు, 1952లో దేశమంతటా రద్దయింది, దాని స్థానంలో రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు నిలబడ్డాయి. ఎరుకలవాళ్లు అంతకుముందు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మేవారు. ఉప్పు మీద సర్కారు పట్టు, రైలు మార్గాలు కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. సంచారం బతుకుదెరువుగా ఉన్నవాళ్లకు సంచారమే నేరలక్షణమైంది. ఈ ఒక్క ముక్క అందరికీ చెప్పాల్సిందే, లేకపోతే సీన్లు గాల్లో తేలతాయి.

ఇక పంచాల్సిన నిబంధనలు:

ప్రభుత్వం ఒక తెగను గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన చెల్లదని కోర్టులో వాదించే దారి లేదు.

జిల్లా మేజిస్ట్రేటు ఆదేశంతో పేర్ల రిజిస్టరు తయారవుతుంది. పేరెక్కినవాళ్ల వేలిముద్రలు తీసుకోవచ్చు.

పేరెక్కినవాళ్లు నిర్ణీత వేళల్లో హాజరు వేయించుకోవాలి, ఎక్కడుంటున్నదీ ఎప్పుడు ఊరు దాటుతున్నదీ చెప్పాలి.

తెగను ఒకచోట సెటిల్‌మెంటులో పెట్టొచ్చు.

పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలల్లో, వ్యవసాయ పాఠశాలల్లో, దిద్దుబాటు బడుల్లో ఉంచొచ్చు.

విద్యార్థి తన నిబంధనకు ఎదురుగా ఒక మనిషిని, ఆ మనిషికి ఈ పూటే తీరాల్సిన ఒక చిన్న అవసరాన్ని రాయాలి. అవసరం చిన్నదిగా ఉండటం ముఖ్యం. ‘మా జాతికి న్యాయం కావాలి’ అన్నది సీన్‌లో తీరే కోరిక కాదు. ‘బిడ్డకు జ్వరం, వైద్యుడు పక్క ఊళ్లో ఉన్నాడు’ అన్నది తీరే కోరిక, తీరకుండా ఆపగలిగే కోరిక కూడా. గడువు కూడా సీన్‌లోపలే ఉండాలి: చీకటి పడేలోపు, హాజరు గంట కొట్టేలోపు.

నమూనాకు ఇలా:

*సీన్ 4. గ్రామ చావడి. రాత్రి. 1915.*
*లాంతరు కింద తెరిచిన రిజిస్టరు. మునసబు పేర్లు చదువుతున్నాడు. నేల మీద వరుసగా మగవాళ్లు, పేరు వచ్చినవాడు లేచి నిలబడి మళ్లీ కూర్చుంటున్నాడు. చివర ఒకతను, భుజాన నాలుగేళ్ల పిల్లాడు, కళ్లు మూతలు పడుతున్నాయి.*
*మునసబు: వాడి పేరు ఇందులో లేదు. ఎందుకు తెచ్చావు?*
*అతను: ఒళ్లు కాలిపోతోందయ్యా. పక్క ఊరు వైద్యుడికి చూపించి తెల్లారేసరికి వచ్చేస్తా.*
*మునసబు: చీటీ?*
*అతను: రాసేది తమరే గదయ్యా.*
*మునసబు: ఇనస్పెక్టరు చూడందే చెల్లదు. శుక్రవారం వస్తారు.*
*అతను లేచే ఉన్నాడు. మునసబు కలం సిరాలో ముంచుతాడు.*
*మునసబు: కూర్చో. నువ్వు కూర్చుంటే గానీ తర్వాతి పేరు పిలవలేను.*

అతను కూర్చోవాలా, నడిచిపోవాలా? అక్కడ ఆపి మిగతా పేజీన్నర విద్యార్థిని రాయమనండి. ఊరు దాటేందుకిచ్చే ఆ చీటీ మీద ఎవరి సంతకం ఉండాలన్నది రాసే సంవత్సరానికి, జిల్లాకు తగ్గ నిబంధనల్లో చూసి మార్చుకోవాలి. మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నైలో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

కుడివైపు ఖాళీ

పైదానికి ఒక పద్ధతి కలుపుతాను. మన సినిమా స్క్రిప్టుల్లో పేజీని నిలువునా రెండుగా చీల్చి ఎడమన యాక్షన్, కుడిన డైలాగ్ రాసే అలవాటు ఉంది కదా. మొదటి డ్రాఫ్టులో కుడివైపు పూర్తిగా ఖాళీగా ఉంచమనండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది, ఎవరు కూర్చోవడానికి అనుమతి అడగాలి, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఇవన్నీ ఎడమవైపే తేలాలి. చదివితే సీన్ సగమైనా అర్థం కావాలి. కాకపోతే డైలాగు ఎంత బలంగా రాసినా నిలవదు.

రెండో డ్రాఫ్టులో డైలాగులు. షరతులు మూడు. ఒకరు ఒక్కసారికి రెండు వాక్యాలకు మించి మాట్లాడకూడదు. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరు మరొకరికి చెప్పకూడదు (‘1911లో వచ్చిన ఈ చట్టం ప్రకారం మనం...’ అనే వాక్యం కొట్టేయండి). అన్యాయం, హక్కు, సమానత్వం అనే మాటలు ఎవరి నోటా రాకూడదు. ఈ మూడోది విద్యార్థులకు కష్టంగా ఉంటుంది, అయినా పట్టుబట్టండి. మాట దొరకనప్పుడు వాళ్లు పని వెతుక్కుంటారు, ఆ పనిలోంచే సీన్ పుడుతుంది.

మామూలుగా ఒక పేజీ ఒక నిమిషం అనుకుంటాం. నిశ్శబ్దం ఎక్కువున్న ఇలాంటి సీన్‌కు ఆ లెక్క తప్పుతుంది. హాజరు పిలుపులో పదిమంది పేర్లుంటే కాగితం మీద మూడు లైన్లే, తెర మీద నలభై సెకన్లయినా పడుతుంది. స్టాప్‌వాచ్ పెట్టి గట్టిగా చదివించండి.

అధికారి పాత్ర దగ్గర రెండు వైపులా జారతారు. మొదట రాక్షసుణ్ణి రాస్తారు. ‘మనిషిలా రాయండి’ అంటే ఈసారి అతని బాధ, అతని బదిలీ, అతని పెళ్లాం అలక రాసుకొస్తారు, సీన్ అతనిదైపోతుంది. మందు తేలిక: సీన్ మొదటి షాటూ చివరి షాటూ నిఘా కింద ఉన్న మనిషి మీదే ఉండాలి. అధికారి తన పని సవ్యంగా, తొందరగా ముగించుకోవాలనుకుంటాడు, అంతకు మించి అతని లోపలికి వెళ్లనక్కర్లేదు.

ఎదురుమాట

మీరిద్దరూ చెప్పింది మంచి పద్ధతే. కానీ అందులో ఒక ప్రమాదం ఉంది. కాగితాలూ చీటీలూ మాత్రమే రాయిస్తే ఆ చట్టం ఏదో విసుగు పుట్టించే ఆఫీసు వ్యవహారంలా మిగులుతుంది. 1920 ఏప్రిల్ 3న మదురై జిల్లా పెరుంగామనల్లూరులో కల్లర్లు (ఈ చట్టం కిందికే తెచ్చిన అక్కడి ఒక కులంవాళ్లు) రిజిస్టరులో పేర్లకూ వేలిముద్రలకూ ఒప్పుకోకపోతే పోలీసులు కాల్పులు జరిపి పదిమందికి పైగా చంపారు. అదే ప్రెసిడెన్సీ, అదే చట్టం. హింస ఆ కాగితానికి వెనకే నిలబడి ఉంది. కొరడా చూపించొద్దనడం సరే, కానీ సిరాబుడ్డి ముందు కూర్చున్నవాడికి కాదంటే ఏమవుతుందో తెలుసన్న సంగతి సీన్‌లో తెలియాలి. గుమ్మం దగ్గర నిలబడ్డ జవాను ఒక్కసారి కాళ్లు మార్చుకున్నా సరిపోతుంది.

బాధితుడు ఊరికే భరించేవాడిగా మిగలడం కూడా అబద్ధమే. జనం వేలిముద్రకు ఎదురు తిరిగారు, సెటిల్‌మెంట్ల నుంచి పారిపోయారు. ప్రతి డ్రాఫ్టుకూ ఒక ప్రశ్న వేయండి: ఈ మనిషి ఈ సీన్‌లో తనంతట తాను చేసిన పని ఏమిటి? జవాబు ‘ఏడ్చాడు’ అయితే వెనక్కివ్వండి.

డబ్బు సంగతి ఎవరూ రాయరు. స్టువర్టుపురం సెటిల్‌మెంటు 1913లో బాపట్ల దగ్గర మొదలైంది, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నడిపింది. అక్కడివాళ్లను చీరాల పొగాకు కర్మాగారం పనికి తీసుకుంది. అనుమతి లేకుండా ఊరు దాటలేని మనిషి కూలి బేరం ఆడలేడు. ఇద్దరు విద్యార్థులకైనా జీతం పంచే సీన్ ఇవ్వండి, దిద్దుబాటు అన్న మాట వెనక ఎవరికి లాభం ఉందో వాళ్లకే తడుతుంది.

వలస అధికారులు రాసిన కులవర్ణనలను విద్యార్థులకు నేరుగా ఇవ్వకండి. ‘వీళ్లు ఇలా నడుస్తారు, ఇలా దొంగిలిస్తారు’ అనే రాతను పాత్రచిత్రణ అనుకుని ఎత్తి రాస్తారు. స్టువర్టుపురం పేరు వినగానే దొంగల కథే గుర్తొచ్చేలా మన సినిమాలు ఎంత చేశాయో తెలిసిందే, మీ క్లాసు దాన్ని మళ్లీ మోయకూడదు.

తిట్ల గురించి: స్క్రిప్టులో ఆ మాట లేకపోతే సీన్ అర్థం మారుతుందా అని రాసినవాళ్లే పక్కన ఒక వాక్యంలో రాయాలి. మారదంటే తీసేయాలి. మారుతుందంటే కాగితం మీద ఉంచొచ్చు, కానీ టేబుల్ రీడింగ్‌లో (అందరూ కూర్చుని స్క్రిప్టు పైకి చదివేటప్పుడు) ఎవరూ పైకి అనరు, ‘తిట్టు’ అని చదివి ముందుకు పోతారు. ఆ వర్గానికి చెందిన విద్యార్థి క్లాసులో ఉండొచ్చు, మీకు తెలియకపోవచ్చు కూడా. ‘మీ ఇంట్లో ఇలా జరిగిందా’ అని ఎవరినీ అడగకండి, ఆ పాత్ర చదవమని ఎవరికీ కేటాయించకండి. పాత్రలు చీటీలు తీసి పంచుకోనివ్వండి, వద్దన్నవాళ్లు కారణం చెప్పనక్కర్లేదు. సొంత కుటుంబం సంగతి రాస్తామని ఎవరైనా ముందుకొస్తే రాయనివ్వండి, కానీ ఆ డ్రాఫ్టు క్లాసులో పంచాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.

నల్లబల్ల

కుడివైపు ఖాళీ పెట్టే పద్ధతి, పాత్రల చీటీలు రెండూ పెడుతున్నాను. భాష గురించి ఇంకో సందేహం: ఎరుకలవాళ్లకు వాళ్ల భాష ఉంది కదా, ఇంట్లో సీన్‌కు ఏం చేయాలి? మార్కుల సంగతీ చెప్పండి.

దస్త్రం

భాష తెలియని విద్యార్థి నాలుగు మాటలు ఎక్కడో ఏరుకుని యాస కట్టకూడదు, వినేవాళ్లకు అది వెక్కిరింపులా ఉంటుంది. సీన్ పైన ‘ఇంటివాళ్ల మాటలు ఎరుకల భాషలో’ అని ఒక లైను రాసి, డైలాగు మామూలు తెలుగులో రాయమనండి. మునసబు లోపలికి రాగానే వాళ్లు తెలుగులోకి మారడం ఎడమవైపు యాక్షన్‌లో రాయాలి. దాంతో ఎవరి ముందు ఎవరు జాగ్రత్తపడుతున్నారో కూడా తెలుస్తుంది.

మార్కులు 25 అనుకుంటే: నిబంధన సీన్‌ను మలుపు తిప్పిందా, 8. మనిషి అవసరమూ అతను తనంతట చేసిన పనీ స్పష్టమా, 7. ఎడమవైపు ఒక్కటే చదివితే అర్థమవుతుందా, 5. కాలానికి తగ్గ వస్తువులు, హోదాలు, చట్టం తేదీలు, 3. ఏది రికార్డులో ఉంది, ఏది కల్పన అని సీన్ చివర ఐదు లైన్ల వివరణ, 2. చివరిదానికి మార్కులు తక్కువే అయినా అది లేకుండా సీన్ తీసుకోకండి. కదిలించినందుకు వేరే మార్కులు పెట్టకండి, పెడితే తల్లి మళ్లీ కాళ్ల మీద పడుతుంది.